బీరు సీసా మీద పేరు: ప్రింటు మేలా, లేబుల్ మేలా?

బల్లార్షా వాళ్లకు కాగితం పరాయిది కాదు. మా ఊళ్లో పేపర్ మిల్లు ఉంది. రైలెక్కి వార్ధా నది దాటితే కాగజ్‌నగర్‌లో ఇంకో మిల్లు. అయినా నాకు అన్నం పెట్టింది మాత్రం స్క్రీన్ ప్రింటింగ్, అంటే చట్రానికి బిగించిన సన్నటి జాలీ గుండా రంగు నెట్టి అచ్చువేసే పని. పెళ్లి కార్డులు, క్యారీ బ్యాగులు, ఎన్నికల బ్యానర్లు, తర్వాత స్టీలు గ్లాసులు. మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లాలో 2015లో పెట్టిన మద్యనిషేధం 2021లో ఎత్తేశారు, ఆ తర్వాతే గాజు సీసాల పనికి దిగాను. నాగపూర్ వైపు నుంచి బీరు తయారుచేసే చిన్న బ్రూవరీల వాళ్లు వస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "భావూ, సీసా మీద ప్రింటు కొట్టించాలా, లేబుల్ అంటించాలా?"

నేను ఎదురడిగేదీ ఒకటే: "తాగాక ఆ సీసా మళ్లీ మీ దగ్గరికే వస్తుందా?"

అందం సంగతి చెప్పాలంటే ప్రింటే ముందుంటుంది. గాజు మీద రంగు కాస్త ఉబ్బెత్తుగా వేలికి తగులుతుంది, అంచుల్లో కాగితం కనబడదు. కానీ బీరుకు వాడేది ఎక్కువగా గోధుమరంగు సీసా. వెలుతురు తగిలితే హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వాసన చెడుతుంది కాబట్టి ఆ రంగు తప్పదు. దాని మీద నేరుగా పసుపు కొడితే మురికిపట్టినట్టుంటుంది. ముందు తెల్లరంగు పరిచి, దాని మీద పసుపు వేయాలి. అంటే రెండు స్క్రీన్లు, రెండు సార్లు కొట్టడం, ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవడం. అందుకే సీసా అడుగున చిన్న గాడి ఉన్న సరుకు తెమ్మంటాను. ఆ గాడి మెషిన్లో పడితే ప్రతి సీసా ఒకే చోట ఆగుతుంది. గాడి లేని సీసాకైతే ఒక్క రంగుతో సరిపెట్టుకోవడం మంచిది.

ప్రింటు అన్న మాటలో రెండు వేరు వేరు పనులున్నాయి. ఇక్కడే చాలామంది మోసపోతారు. మొదటిది సిరామిక్. గాజుపొడి కలిసిన రంగును సీసా మీద కొట్టి, సుమారు 600 డిగ్రీల బట్టీలో కాలుస్తారు. రంగు కరిగి గాజులో కలిసిపోతుంది. మన చిన్నప్పటి కూల్‌డ్రింకు సీసాల మీద పేర్లు ఇలా వేసినవే. ఎన్నిసార్లు కడిగి నింపినా అరిగేవి కావు. పాత సిరామిక్ రంగుల్లో సీసం, కాడ్మియం ఉండేవి. ఇప్పుడు అవి లేని రంగులు దొరుకుతున్నాయి, అవే కావాలని ఆర్డరులో రాయించుకోండి. ఆ బట్టీ నా దగ్గర లేదు. ఆ పని అడిగినవాళ్లకు ఫిరోజాబాద్ లాంటి గాజు ఊళ్ల దారి చూపిస్తాను.

నేను చేసేది రెండోది: ఎపాక్సీ అనే రెసిన్ రంగులో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి కొట్టి, 140 డిగ్రీల దగ్గర అరగంట కాల్చడం. యూవీ దీపం కింద ఆరే రంగులూ ఈ కోవలోవే. చిన్న ఆర్డరుకు ఇది అనువు. కానీ మా మే నెల ఎండకు, 46, 47 డిగ్రీల్లో, కలిపిన రంగు గిన్నెలోనే గట్టిపడుతుంది, స్క్రీను జాలీలో ఆరిపోతుంది. ఎండాకాలం తెల్లవారుజామున నాలుగింటికి పని మొదలుపెడతాను. అదీ కొంచెం కొంచెంగా కలుపుకుంటూ.

మొదటి ఏడాది ఒక ఆర్డరు చెడగొట్టాను. ఆరు వందల సీసాలు. షాపులో గోరుతో గీకితే రంగు కదల్లేదు. నాలుగు రోజులకు ఫోనొచ్చింది: ఐసు నీళ్లలో పెట్టిన సీసా మీద పేరు పొరలా లేచిపోతోందని. ఒక సీసా తెప్పించి చూశాను. పేరు పక్కన కొట్టిన తోడేలు బొమ్మ మొత్తం, చెవులతో సహా, నా బొటనవేలికి అంటుకొచ్చింది. తప్పు రంగుది కాదు. కొత్త సీసాలు ఒకదానికొకటి రాసుకుని గీతలు పడకుండా ఫ్యాక్టరీలోనే సన్నటి పాలిథిన్ పూత చల్లుతారు. దాని మీద రంగు నిలవదు. మంటతో ఆ పూత తీసేశాకే ప్రింటు కొట్టాలి. ఆ సీసాలన్నీ నా ఖర్చుతోనే మళ్లీ చేసిచ్చాను. ఇప్పుడు మంట చూపించకుండా ఒక్క సీసా కూడా మెషిన్ ఎక్కదు.

ఇక కాగితం లేబుల్. ఐసు బకెట్లో నానుతుంది, ముడతపడుతుంది, నిజమే. తడికి తట్టుకునే కాగితం, పాల నుంచి తీసే కేసిన్ జిగురు వాడితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. పైగా సీసా కడిగేచోట 70, 80 డిగ్రీల కాస్టిక్ సోడా నీళ్లలో ఆ లేబుల్ హాయిగా ఊడొస్తుంది. అసలు లాభం అక్కడుంది. ఖాళీ బీరు సీసాను కబాడీవాడు కొంటాడు, ఆ సీసా ఇంకో బ్రూవరీకి పోతుంది. దాని మీద చెరగని అక్షరాల్లో మీ పేరుంటే ఎవరు నింపుతారు? ముక్కలై మళ్లీ గాజు కొలిమికే పోవాలి. బాగున్న సీసా అలా పోవడం నాకు నచ్చదు. నా పని తగ్గినా సరే, దుకాణాల్లో అమ్మే బీరుకు కాగితమే మేలని చెబుతాను.

రాత సంగతి కూడా ఉంది. 2019 ఏప్రిల్ నుంచి ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పిన మద్యం హెచ్చరిక తప్పనిసరి, 330 మి.లీ. సీసా మీద అక్షరం 3 మి.మీ.కు తగ్గకూడదు. ఎక్సైజు వాళ్లు లేబుల్ ఆమోదించాలి. ఎమ్మార్పీ ఎప్పుడైనా మారొచ్చు. ధర మారితే కాగితం కట్టలు పారేస్తాం, ప్రింటు కొట్టిన సీసాలను ఏం చేస్తాం? బార్‌కోడ్‌కైతే గోధుమరంగు గాజు మీద తెల్లపట్టీ వేయందే స్కానరు చదవదు.

ఇక తిరిగి మీ దగ్గరికే వచ్చే గ్రౌలర్ లాంటి సీసాలకు, అంటే జనం ఇంటికి తీసుకెళ్లి మళ్లీ నింపించుకోవడానికి తెచ్చేవాటికి, ప్రింటే కొట్టించండి. వీలైతే సిరామిక్. మారని పేరు, బొమ్మ గాజు మీద ఉండాలి. మారే ధర, బ్యాచ్ నంబరు, హెచ్చరిక వెనకవైపు చిన్న కాగితం మీద. ఆ కాగితం ప్రతిసారీ కొత్తది.

ఆర్డరిచ్చే ముందు పది సీసాలు శాంపిల్ అడగండి. ఒక రాత్రి ఐసు నీళ్లలో ఉంచి, పొద్దున తుడిచి, ప్రింటు మీద బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, సెల్లోటేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగండి. టేపు మీద ఒక్క చుక్క రంగు వచ్చినా, ఆ పని చేసింది నేనైనా సరే, వెనక్కి పంపండి.