పేజీల్లో చీరలు కొనేవాళ్ళకి హెచ్చరిక: డబ్బుతో పాటు మీ ఆధార్ కూడా పట్టుకుపోతున్నారు

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీల్లో చీరలు, డ్రెస్ మెటీరియల్, వన్ గ్రామ్ గోల్డ్ నగలు కొనేవాళ్ళందరూ ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. డబ్బు కట్టించుకుని బ్లాక్ చేసే పేజీల సంగతి చాలామందికి తెలిసిందే. ఇప్పుడు చెప్పేది దాని తర్వాతి మెట్టు. డబ్బుతో పాటు మీ పేరు, ఫొటో, ఫోన్ నంబరు, ఆధార్ కార్డు కూడా తీసుకుని, మీ పేరు మీదే ఇంకొకరిని ముంచుతున్నారు. పదిహేను వందలు పోతే నెల తిరిగేసరికి మర్చిపోతాం. ఆధార్ కాపీ వాళ్ళ ఫోన్‌లో పడిందంటే మాత్రం దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు.

ఇది చాలాసార్లు అసలు పేజీ దగ్గరే మొదలవుతుంది. లైవ్‌లో చీరలు చూపిస్తుంటారు. "బుక్డ్", "ప్రైస్ ప్లీజ్", "ఇందులో గ్రీన్ ఉందా అండీ" అని కింద కామెంట్లు పడుతుంటాయి. తొందరలో కొందరు ఫోన్ నంబరు కూడా అక్కడే పెట్టేస్తారు. ఆ కామెంట్లు అమ్మేవాళ్ళు ఒక్కరే చదవరు. అదే లోగో, అదే పేరు, మధ్యలో ఒక చుక్కో అండర్‌స్కోరో ఎక్కువున్న ఇంకో ఖాతా నుంచి రెండు నిమిషాల్లో మెసేజ్ వస్తుంది: "అక్కా, మీరు అడిగిన పీస్ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు పే చేస్తే పక్కన పెడతాం." అడిగింది మనమే కాబట్టి అనుమానం రాదు. అసలు పేజీ వాళ్ళకి ఈ సంగతి తెలియనే తెలియదు.

మీరు కాస్త తటపటాయిస్తే వెంటనే ఒక ఆధార్ ఫొటో పంపుతారు. "నమ్మకం లేకపోతే మా ఆధార్ చూడండి అక్కా." సెకండ్ హ్యాండ్ బైకులు, ఫ్రిజ్‌లు, సోఫాలు అమ్మే చోట ఇదే నాటకానికి యూనిఫాం తొడుగుతారు. ఆర్మీ అనో సీఐఎస్ఎఫ్ అనో చెబుతారు, ట్రాన్స్‌ఫర్ అయింది కాబట్టి తక్కువకి ఇచ్చేస్తున్నామంటారు, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు, ఆధార్ మూడూ కలిపి పంపుతారు. ఆ కార్డులు చాలాసార్లు నిజమైనవే. కాకపోతే పంపినవాడివి కావు. నిన్న ఇలాగే నమ్మి కాపీ పంపిన ఇంకెవరివో. ఇవాళ కొరియర్ వెరిఫికేషన్ పేరుతో మీ దగ్గర తీసుకునేది రేపు ఇంకొకరికి చూపించడానికి. కేసయితే పోలీసులు ముందు ఆ కార్డు మీద పేరున్నవాళ్ళనే అడుగుతారు.

కాబట్టి ఎవరైనా ఆధార్ పంపగానే మెత్తబడొద్దు. ఆధార్ కార్డు మీద ఉండే క్యూఆర్‌లో పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫొటో, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ డిజిటల్ సంతకంతో ఉంటాయి. యూఐడీఏఐ స్కానర్ యాప్‌తో చూస్తే కార్డు మీద ఫొటో మార్చారో లేదో తెలిసిపోతుంది. కానీ అది చెప్పేది కార్డు అసలుదా కాదా అన్నంత వరకే. మీతో చాట్ చేస్తున్నది ఆ కార్డు మనిషేనా అన్నది ఏ స్కానరూ చెప్పదు.

ఇంకొకటి. మన దేశంలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చీర రావడానికి కొనేవాళ్ళ ఆధార్‌తో పనే లేదు. పేరు, చిరునామా, పిన్ కోడ్, ఫోన్ నంబరు చాలు. డెలివరీ బాయ్ ఓటీపీ అడిగితే, పార్సిల్ చేతికొచ్చాక, మెసేజ్ మొత్తం చదివి, అది డెలివరీ ఓటీపీనే అని చూసుకుని చెప్పండి. ఇంకెక్కడైనా ఆధార్ ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మైఆధార్ సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ అన్న గడిలో టిక్ పెడితే, 12 అంకెల్లో చివరి నాలుగు మాత్రమే కనిపించే పీడీఎఫ్ వస్తుంది. పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, పక్కనే పుట్టిన సంవత్సరం. కాపీ మీద అడ్డంగా ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో రాసి ఫొటో తీసి పంపండి. ఆ రాత ఫొటో మీదా నంబరు మీదా పడాలి. మూలన రాస్తే కత్తిరించేస్తారు.

డబ్బు కట్టే ముందు పేజీని ఎలా చూడాలో ఇప్పుడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫైల్ పైన మూడు చుక్కలు నొక్కి "అబౌట్ దిస్ అకౌంట్" తెరవండి. ఖాతా ఎప్పుడు మొదలైంది, ఏ దేశం నుంచి నడుస్తోంది, పేరు ఎన్నిసార్లు మారింది అక్కడ ఉంటాయి. ఫేస్‌బుక్ పేజీకైతే "పేజ్ ట్రాన్స్‌పరెన్సీ" చూడాలి. "పదేళ్ళుగా మీ సేవలో" అని రాసుకున్న పేజీ రెండు నెలల కిందట పుట్టి ఉంటుంది. లేదా మొన్నటిదాకా క్రికెట్ మీమ్స్ పేజీగా ఉండి, ఫాలోవర్లతో సహా కొనుక్కుని పేరు మార్చినదై ఉంటుంది. లక్ష మంది ఫాలోవర్లుండి ప్రతి పోస్టుకీ కామెంట్లు ఆపేసి ఉంటే అక్కడితో వదిలేయండి. నీలం టిక్కు చూసి మాత్రం మురిసిపోకండి. 2023 నుంచి దాన్ని నెలవారీ చందాకి అమ్ముతున్నారు. మన దగ్గర మొదలైనప్పుడు మొబైల్‌లో నెలకి 699 రూపాయలు.

జీఎస్టీ నంబరు ఇచ్చారంటే ఇంకా మంచిది, అబద్ధమైతే అక్కడే దొరికిపోతారు. అందులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్: తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాత పది పాన్ నంబరు. మొత్తంలో ఎడమ నుంచి ఆరో అక్షరం చూడండి. వ్యక్తి పాన్ అయితే అక్కడ 'పి' ఉంటుంది, కంపెనీ అయితే 'సి', భాగస్వామ్య సంస్థ అయితే 'ఎఫ్'. బయోలో ప్రైవేట్ లిమిటెడ్ అని రాసుకుని ఆరో అక్షరం 'పి' ఉంటే ఆ నంబరు ఎక్కడిదో ఎత్తుకొచ్చిందే. ధర్మవరం షాపు అని చెప్పుకుంటూ నంబరు 36తో మొదలైతే, ఎందుకని అడగండి. జీఎస్టీ సైట్‌లో "సెర్చ్ ట్యాక్స్‌పేయర్" దగ్గర కొడితే అసలు వ్యాపారం పేరు, రిజిస్టరైన తేదీ, అది ఇంకా నడుస్తోందో రద్దయిందో చూపిస్తుంది. ఇంట్లో నుంచి అమ్ముకునే చిన్నవాళ్ళకి, మగ్గం దగ్గర నుంచి నేరుగా అమ్మే నేతవాళ్ళకి జీఎస్టీ లేకపోవచ్చు. అది తప్పేమీ కాదు. లేనిది ఉన్నట్టు చూపించారంటేనే అనుమానించాలి.

యూపీఐలో డబ్బు పంపే ముందు స్క్రీన్ మీద వచ్చే పేరు చదవండి. 2025 జూన్ 30 నుంచి బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరే చూపించాలన్నది యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నిబంధన. మంగళగిరి చీరల పేజీకి కడుతుంటే సంబంధం లేని ఊరి మనిషి పేరు వచ్చి, "అది మా అకౌంటెంట్‌ది అక్కా" అంటే ఆపేయండి. ఆ ఖాతా కూడా కమీషన్‌కి అద్దెకిచ్చిందై ఉండొచ్చు.

కట్టాక ట్రాకింగ్ నంబరు అని ఒక ఫొటో పంపుతారు. స్పీడ్ పోస్ట్ నంబరుకి 13 అక్షరాలు: రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర 'ఐఎన్'. ఫొటో నమ్మకుండా ఇండియా పోస్ట్ సైట్‌లో మీరే కొట్టి చూడండి. పార్సిల్ గురించి "చిరునామా సరిగ్గా లేదు, 12 గంటల్లో అప్‌డేట్ చేయండి" అని లింకుతో ఎస్సెమ్మెస్ వస్తే అది పోస్టాఫీసుది కాదు.

ఇక రిఫండ్. నష్టం ఎక్కువ జరిగేది ఇక్కడే. వస్తువు రాలేదని గొడవ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడి "రిఫండ్ వేస్తాం, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. పిన్ కొడితే డబ్బు పోవడమే తప్ప రావడం ఉండదు. డబ్బు రావడానికి పిన్‌తో పనే లేదు. ఇంకొందరు "రిఫండ్ కోడ్ వచ్చింది, చెప్పండి" అంటారు. ఆ ఆరంకెలు వాట్సాప్ రిజిస్ట్రేషన్ కోడ్. వాళ్ళ ఫోన్‌లో మీ నంబరు కొట్టారు కాబట్టి అది మీకొచ్చింది. చెప్పారంటే మీ వాట్సాప్ వాళ్ళ చేతిలోకి పోతుంది. అరగంటలో మీ మేనత్తకీ, ఆఫీసు వాళ్ళకీ "అర్జెంట్, ఇరవై వేలు వేయి, రేపిస్తా" అని మెసేజ్‌లు మొదలవుతాయి. మీరు టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకుని ఉండకపోతే వాళ్ళే ఒకటి పెట్టేస్తారు. అప్పుడు మీ నంబరుతో మళ్ళీ రిజిస్టర్ చేసి వాళ్ళని బయటికి పంపగలరు గానీ, పిన్ లేకుండా మీరు లోపలికి వెళ్ళడానికి ఏడు రోజులు ఆగాలి. ఇది చదువుతూనే సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్‌లోకి వెళ్ళి ఆరంకెల పిన్ పెట్టేయండి.

ఎనిమిది అక్షరాల కోడ్ ఇంకో రకం, ఇది ఇంకా లోపాయికారీ వ్యవహారం. అది మీ వాట్సాప్‌ని వాళ్ళ కంప్యూటర్‌కి కలిపే కోడ్. మీ ఫోన్ మామూలుగానే పనిచేస్తుంటుంది, మీ చాట్‌లన్నీ అవతల వాళ్ళు చదువుతుంటారు. "లింక్డ్ డివైసెస్" తెరిచి మీది కానిది కనిపిస్తే లాగౌట్ కొట్టండి. కొరియర్ బాయ్‌కి ఫోన్ కలవడం లేదని *401* తోనో *21* తోనో మొదలయ్యే కోడ్ డయల్ చేయమన్నా చేయొద్దు. అది మీ కాల్స్‌ని వాళ్ళ నంబరుకి మళ్ళిస్తుంది. ఓటీపీ ఫోన్ కాల్‌లో వచ్చేట్టు పెట్టి వాళ్ళే వింటారు. *401# సేవల్ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికాం శాఖ చెప్పినా, కోడ్ మార్చి ఇదే పని చేయిస్తున్నారు. పొరపాటున చేసేసి ఉంటే ##002# డయల్ చేయండి, ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది.

మీ ప్రొఫైల్‌కి నకలు తీయాలంటే వాళ్ళకి మీ ఫొటో, మీ స్నేహితుల జాబితా రెండూ కావాలి. ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్స్ లిస్టు "ఓన్లీ మి" పెట్టండి. ఫోన్ నంబరుతో మిమ్మల్ని ఎవరు వెతకొచ్చు అన్న చోటా అదే పెట్టండి. 2021లో బయటపడ్డ 53.3 కోట్ల మంది ఫేస్‌బుక్ వివరాలు, నంబరుతో మనిషిని వెతికే సౌకర్యాన్ని వాడుకుని లాగినవే. ప్రొఫైల్ లాక్ 2020 మేలో మన దేశంలో వచ్చింది, వాడుకోండి. చీర కట్టుకుని రివ్యూ కోసం పంపే ఫొటోలో ముఖం కనిపించనక్కర్లేదు. అలాంటి ఫొటోలే దొంగ పేజీల్లో "మా హ్యాపీ కస్టమర్స్" అయి కూర్చుంటున్నాయి.

మీ పేరుతో నకిలీ ఖాతా కనిపిస్తే ముందు బ్లాక్ చేయకండి. చేస్తే మీకే కనిపించకుండా పోతుంది, ఆధారం చేజారుతుంది. ప్రొఫైల్ లింకు కాపీ చేసుకుని, యూజర్‌నేమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తర్వాత మూడు చుక్కల్లో రిపోర్ట్, ఇంకొకరిలా నటిస్తున్నారు, "నేనే" అని ఎంచుకోండి. వేరేవాళ్ళు చేస్తే "నా స్నేహితులు" అని ఎంచుకోవాలి. ఇంకొకరి గుర్తింపును దొంగిలించి వాడటం ఐటీ చట్టం 66సి కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. వేషం మార్చి మోసం చేస్తే 66డి. ఫిర్యాదులో ఈ సెక్షన్లు రాయండి.

డబ్బు పోతే మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. పేజీ వాళ్ళతో వాదన తర్వాత. 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరు, మొత్తం, సమయం, అవతలి యూపీఐ ఐడీ చేతిలో పెట్టుకుని చేయండి. మీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి గంటల్లో పారిపోతుంది. ఎక్కడో ఒక చోట ఇంకా ఆగి ఉంటేనే ఫ్రీజ్ చేయగలరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా నమోదు చేసి రసీదు నంబరు దాచుకోండి, బ్యాంకుకి విడిగా చెప్పండి. 2017 నాటి ఆర్‌బీఐ ఆదేశం ప్రకారం, మీరే పిన్ ఎవరికైనా చెప్పి ఉంటే బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం మీదే, చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. అందుకే ఏ నిమిషంలో చెప్పారన్నది ముఖ్యం.

అమెరికాలో ఉండి ఇలాంటి పేజీల్లో కొనేవాళ్ళు, అక్కడ బ్యాంకు నుంచి బ్యాంకుకి డబ్బు పంపే జెల్ (Zelle)తో కట్టొద్దు. మీ చేత్తో పంపిన డబ్బుకి అందులో కొనుగోలు రక్షణ లేదు. కస్టమ్స్ అంటూ సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగితే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే మీ పేరు మీద ఇంకెవరూ అప్పు తీసుకోకుండా, అప్పుల లెక్క ఉంచే మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ ఫ్రీజ్ పెట్టండి, ఉచితమే.

ఇక్కడ ఆధార్ ఇప్పటికే పంపేసినవాళ్ళు ఈ వారంలోనే మూడు పనులు చేయండి. మైఆధార్ సైట్‌లో బయోమెట్రిక్ (వేలిముద్ర, కంటిపాప) లాక్ చేసి, ఆధార్ ఎక్కడెక్కడ వాడారో అథెంటికేషన్ హిస్టరీ చూడండి. టెలికాం శాఖ సంచార్ సాథీ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసి, మీది కానిదాన్ని అక్కడే "నాట్ మై నంబర్" అని కొట్టండి. తర్వాత మీ పేరు మీద ఏయే అప్పులున్నాయో చూపే క్రెడిట్ రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికి ఒకటి ఉచితంగా ఇవ్వాలి. అందులో మీరు తీసుకోని లోన్ కనిపిస్తే ఆ రుణ సంస్థకీ, బ్యూరోకీ ఇద్దరికీ సైబర్ ఫిర్యాదు నంబరు జతచేసి డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం కట్టాలి. ఆర్‌బీఐ ఈ నిబంధనను 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చింది.