హాంకాంగ్ తారల బాట: ఉచితమే, కానీ ఎండలో వద్దు

సిమ్ షా సుయ్ సముద్రపు ఒడ్డున ఉన్న ఈ బాటకు టికెట్టు లేదు. ఈస్ట్ సిమ్ షా సుయ్ మెట్రో స్టేషన్‌లో ‘జె’ ద్వారం నుంచి బయటికొస్తే దగ్గరే. 2004లో తెరిచినప్పుడు సినీ తారల చేతి ముద్రలు నేలమీద ఉండేవి. 2019లో మళ్లీ తెరిచాక వాటిని రెయిలింగు మీదికి చేర్చారు. మంచి పని చేశారు, జనం కాళ్ల మధ్య వెతుక్కునే బాధ తప్పింది. మధ్యాహ్నం జాకీ చాన్ ముద్రలో అరచేయి పెట్టబోతే చురుక్కుమంది!

బ్రూస్ లీ 1973లో 32 ఏళ్లకే పోయాడు కాబట్టి ఆయన ముద్ర లేదు. బదులుగా 2005లో ఆవిష్కరించిన కంచు విగ్రహం ఉంది. చొక్కా లేని ఒంటిమీద కండలు, నరాలు కూడా తెలుస్తాయి. దాని ముందు తాతలు కూడా కాలెత్తి ఫొటోలు దిగుతున్నారు. చైనా సినిమాలు తెలియనివారికి మాత్రం విసుగే. ముద్రల దగ్గర పేర్లున్నాయి, వారి కథ కావాలంటే ఫోను తీయాల్సిందే.

రాత్రి 8 గంటల దీపాల ప్రదర్శనకు విపరీతమైన రద్దీ. ఆరింటికల్లా వెళ్లండి.