టైమింగ్ కవర్ సీల్ చేయించాం అంటే, చాంబర్ దింపారా అని అడగండి

వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. అమ్మేవాడు "ముందు వైపు కొంచెం ఆయిల్ లీక్ ఉండేది సార్, టైమింగ్ కవర్ విప్పి కొత్తగా పేస్ట్ వేయించేశాం" అన్నాడంటే వెంటనే సంతోషపడిపోకండి. టైమింగ్ కవర్ అంటే ఇంజన్ ముందు వైపు టైమింగ్ చైన్‌ని మూసి ఉంచే మూత, పేస్ట్ అంటే అతుకుల్లోంచి ఆయిల్ కారకుండా రాసే సీలెంట్. చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టి) దింపారా లేదా అని ఒక్క ముక్క అడగండి. నేను అడగలేదు. అడగనందుకు 16,800 వదిలింది, టోయింగ్ డబ్బులు కాక.

నాది 2014 మోడల్, చైన్ ఇంజన్. హైవే పక్కన ఒక కార్ల షెడ్డులో కొన్నాను. ఇంజన్ కడిగి తుడిచి పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు ఉంచారు. "పొద్దున విప్పి సాయంత్రానికి బిగించేశారు సార్, మావాడి చేతిపని అలాంటిది" అని అక్కడి కుర్రాడు గొప్పగా చెబితే నేనూ తల ఊపాను. అనుమానించాల్సింది సరిగ్గా ఆ మాటనే అని ఇప్పుడు తెలుస్తోంది. ఆ పేస్ట్ పూర్తిగా గట్టిపడడానికే ఒక రాత్రి పడుతుంది.

మూడు వారాలకి పోర్టికోలో టైల్ మీద రూపాయి బిళ్లంత మరక కనిపించింది. మా ఆవిడ అట్టముక్క పరిచింది. నేనేమో పాత బండి కదా, ఆ మాత్రం కారుతుందిలే అని అర లీటరు పోసి ఊరుకున్నాను. (ఇందులో తప్పు నాదే, ఎవరి మీదా నెట్టను.) ఆ తర్వాతి శనివారం సింహాచలం కొండ మీద దర్శనం చేసుకుని దిగుతుంటే మలుపులో ఎర్ర ఆయిల్ లైటు ఒకసారి మిణుకుమంది. కొంచెం రేస్ చేస్తే పోయింది, ఐడిల్‌లోకి వస్తే మళ్లీ వెలిగింది. పక్కకి ఆపి, ఇంజన్ చల్లారాక డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీతకి దగ్గరగానే ఉంది. లెవెల్ బాగానే ఉన్నా లైటు వెలుగుతోందంటే స్విచ్ పోయి ఉండాలి, లేదా ప్రెషర్ నిజంగానే పడిపోతూ ఉండాలి. రెండోదే అయితే ఇంకో పది కిలోమీటర్లలో టర్బో, క్రాంక్ బేరింగులు పోవచ్చు. అందుకే స్టార్ట్ చేయకుండా టోయింగ్ బండి పిలిచి కంచరపాలెంలో తెలిసిన మేస్త్రి దగ్గరికి చేర్చాను.

ఆయన చాంబర్ దింపి, లోపల ఆయిల్ పీల్చుకునే గొట్టం చివరి జల్లెడని టార్చి వెలుగులో చూపించాడు. నల్లటి రబ్బరు పురుగుల్లాంటి ముక్కలు సగం జల్లెడని మూసేశాయి. "చాంబర్ ఒగ్గేసి కవర్ తోసేసారు బాబూ, పేస్టంతా లోపలికి రాలిపోయింది" అన్నాడు.

సంగతి ఏంటంటే, ఈ ఇంజన్లో టైమింగ్ కవర్ బ్లాక్‌కి (ఇంజన్ అసలు దిమ్మకి) ముందు వైపు అతుక్కుంటుంది, దాని అడుగు అంచు మాత్రం చాంబర్ అంచు మీద కూర్చుంటుంది. బ్లాక్, కవర్, చాంబర్ మూడూ కలిసే రెండు మూలలే లీకులకి పుట్టిల్లు. చాంబర్ అక్కడే ఉండగా కవర్‌ని ముందు నుంచి జరిపి ఎక్కించాలంటే, అడుగున రాసిన పేస్ట్ చాంబర్ అంచుకి రాసుకుంటూ పోతుంది. తడి సున్నం గోడకి భుజం రాసుకుంటూ నడిస్తే ఏమవుతుందో అదే అవుతుంది. మూలల్లో పేస్ట్ మిగలదు, కొంత బయటికి వస్తుంది, కొంత లోపల చాంబర్లో పడుతుంది. పైగా మూలల్లో పాత పేస్ట్ గోకడానికి చెయ్యి పట్టదు. నూనె తడి ఉన్నచోట కొత్త పేస్ట్ అతుక్కోదు. నా బండికి ఇంకొకటి కూడా జరిగింది. కవర్ ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్ దూర్చి కెలికినట్టున్నారు, రేకు చాంబర్ అంచు వంగిపోయి ఉంది. మేస్త్రి దాన్ని సమంగా ఉన్న ప్లేటు మీద పెట్టి మెల్లగా కొట్టి సరిచేశాడు.

చాంబర్ దింపకుండా చేసినవాళ్లందరూ మోసగాళ్లే అనను. చాంబర్‌కి విడిగా ప్యాకింగ్ (అతుకు మధ్య పెట్టే గ్యాస్కెట్) ఉండే పాత ఇంజన్లు కొన్నింటికి బోల్టులు వదులు చేసి, ముందు వైపు కాస్త కిందికి దించి, ప్యాకింగ్ ముక్క మార్చి, మూలల్లో పేస్ట్ నింపి శుభ్రంగా చేసేవాళ్లు ఉన్నారు. చాంబర్ కూడా పేస్ట్‌తోనే అతికించిన ఇంజన్‌కి ఆ విద్య పనికిరాదు. చాంబర్ దింపాలంటే కొన్ని బండ్లకి సైలెన్సర్ ముందు పైపో, కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ దూలమో అడ్డొస్తుంది, ఇంకో పూట పని. ఎగ్గొట్టేది ఆ పూటనే.

కొనేముందు మీరే చూసుకోగలిగింది ఒకటుంది. టార్చి పట్టుకుని కిందికి వంగండి. మన ఊరి ఉప్పుగాలికి చాంబర్ బోల్టులు ఊరికే తుప్పు పడతాయి. కవర్ బోల్టుల తలలు మెరుస్తూ, చాంబర్ బోల్టులు మాత్రం తుప్పుతో మట్టితో కదలకుండా ఉన్నాయంటే చాంబర్ దింపలేదన్నమాటే. బయటి బెల్టుల వైపు (టైమింగ్ కవర్ ఉన్న వైపు) కింది మూలల్లో వేలు పెట్టి తడి ఉందేమో చూడండి. బండిని అరగంట తిప్పి, వేడి మీద ఐడిల్‌లో వదిలి, కింద పాత పేపరు పరిచి ఆయిల్ లైటు మీద కన్నేయండి. రిపేరు బిల్లు అడగండి, అందులో కొత్త ఆయిల్, ఫిల్టర్, క్రాంక్ ఆయిల్ సీల్ ఉండాలి. కవర్ తీయాలంటే క్రాంక్ పుల్లీ ఎలాగూ విప్పుతారు కాబట్టి పాత సీలే ఉంచేస్తే అది వేరే లీకు.

షెడ్డువాళ్లకి జల్లెడ వీడియో పంపిస్తే "గేటు దాటాక మా బాధ్యత ఉండదు సార్" అన్నారు. "లీక్ పూర్తిగా చేయించాం" అని కొనకముందు వాళ్లే పెట్టిన వాట్సాప్ మెసేజ్ నా దగ్గరుంది. దాన్ని పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను, ఇంకా నడుస్తోంది. మీరు కొన్నా ఫోన్లో మాట్లాడి వదిలేయకండి, మెసేజ్‌లోనే అడిగి రాయించుకోండి.

జల్లెడలోంచి తీసిన ముక్కల్ని చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి డ్యాష్‌బోర్డులో ఉంచాను. మొన్న అటువైపు వెళ్తూ ఆ షెడ్డు ముందు ఆగితే ఇదే మోడల్ ఇంకో బండి ఉంది, కడిగి నిలబెట్టారు. కింద బెల్టుల వైపు నల్లగా కొత్త పేస్ట్ గీత, చాంబర్ బోల్టులకి తుప్పు. ఒకాయన భార్యాపిల్లలతో వచ్చి బేరమాడుతున్నాడు. పక్కకి పిలిచి ఆ ముక్కల సంచి చూపించాను.