సైనికుల వైకల్య పింఛను: 2008 నిబంధనలా, 2023 నిబంధనలా?

గుంటూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వచ్చే మాజీ సైనికులు ముందుగా తేల్చుకోవలసినది తమకు ఏ నిబంధనలు వర్తిస్తాయన్నదే. 2008 జనవరి 1 నుంచి 2023 సెప్టెంబరు 20 వరకు సర్వీసు నుంచి వైదొలగినవారికి 2008 నిబంధనలు, ఆ తర్వాతివారికి 2023 నాటి కొత్తవి వర్తిస్తాయి.

పాత విధానంలో, వైకల్యంతో మధ్యలోనే ఇంటికి పంపబడినవారూ, పూర్తికాలం పనిచేసి వైకల్యంతో రిటైరైనవారూ, అది సర్వీసు వల్ల కలిగినదో ముదిరినదో అయితే, 'వైకల్య భాగం' అనే ఒకే పేరుతో సొమ్ము పొందేవారు. కొత్త నిబంధనలు వైకల్య పింఛనును మొదటివారికి పరిమితం చేసి, రెండోవారికి 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అనే వేరే సాయాన్ని ఏర్పరచాయి. పేరు మార్పే కదా అని తీసిపారేయడం తొందరపాటు అవుతుంది.

నూటికి నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం అనే పాత లెక్కలో, 60,000 రూపాయల జీతగాడికి 40 శాతం వైకల్యముంటే నెలకు 7,200 వస్తుంది. 50 శాతంలోపు వైకల్యాన్ని 50గా పరిగణించే పద్ధతిలో దానిని 50 శాతానికి పెంచి లెక్కిస్తే 9,000 అవుతుంది. ఈ పెంపు రిటైరైనవారికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014లో రామ్ అవతార్ కేసులో తేల్చింది. కాబట్టి పాత నిబంధనల కిందికి వచ్చేవారు తమ పింఛను ఉత్తర్వులో ఎంత శాతం వేశారో చూసుకోవడం మంచిది.