రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌ప్లోరర్ ఆగిపోతోందా? షెల్‌ఎక్స్‌వ్యూ వాడి చూశాక నా రివ్యూ

విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టగానే ఆ గుండ్రటి చక్రం తిరుగుతూ ఉండిపోవడం, కాసేపటికి నాట్ రెస్పాండింగ్ అని రావడం, ఒక్కోసారి టాస్క్‌బార్‌తో సహా అంతా మాయమై మళ్లీ రావడం, ఈ బాధ పడుతున్నవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ఆలోచన ఉంటే ఆపి నిర్‌సాఫ్ట్ వాళ్ల షెల్‌ఎక్స్‌వ్యూ అనే చిన్న టూల్ వాడి చూడండి, వేరే సాఫ్ట్‌వేర్‌లు రైట్ క్లిక్ మెనూలో తగిలించినవాటిని లిస్ట్‌గా చూపించి ఆపేయనిస్తుంది. ఫ్రీ. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, జిప్ విప్పి లోపలున్నది రన్ చేయడమే.

నా సిస్టమ్‌లో డబుల్ క్లిక్ బాగానే పనిచేసేది, కాపీ పేస్ట్ కీబోర్డ్‌తో చేస్తే ఏ గొడవా లేదు, రైట్ క్లిక్ చేస్తేనే చచ్చేది. విండోస్ ఫైళ్లు పాడయ్యాయేమో చూసే సిస్టమ్ ఫైల్ చెకర్ రన్ చేస్తే అంతా సవ్యంగానే ఉంది అంది. ఈ తేడా గమనించడమే ముఖ్యం అసలు. ఫోల్డర్ తెరుచుకోవడమే లేటయితే అది వేరే కథ, రైట్ క్లిక్ ఒక్కటే ఆగుతోందంటే దాదాపుగా ఏదో సాఫ్ట్‌వేర్ ఆ మెనూలో పెట్టుకున్న ఐటమ్ పనే. ఎందుకంటే మనం ఇన్‌స్టాల్ చేసే జిప్ ప్రోగ్రామ్‌లు, యాంటీవైరస్‌లు, క్లౌడ్ సింక్‌లు చాలావరకు ఒక్కో డీఎల్ఎల్‌ని (ప్రోగ్రామ్ కోడ్ ఉండే ఫైల్, ఇలా తగిలించినదాన్నే ఎక్స్‌టెన్షన్ అంటారు) ఎక్స్‌ప్లోరర్‌కి, అంటే ఫైళ్లు ఫోల్డర్లు చూపించే విండోస్ ప్రోగ్రామ్‌కి, తగిలిస్తాయి, రైట్ క్లిక్ కొట్టినప్పుడు ఎక్స్‌ప్లోరర్ వాటిని తన ప్రాసెస్‌లోనే లోడ్ చేసుకుని మెనూలో ఏం పెట్టాలో అడుగుతుంది, క్యూలో ముందున్నవాడు కౌంటర్ దగ్గర జేబులు వెతుక్కుంటూ నిలబడితే వెనకవాళ్లందరూ ఆగిపోయినట్టు ఒక్కటి జవాబివ్వకపోతే మెనూ మొత్తం ఆగిపోతుంది. అదే క్రాష్ అయితే ఎక్స్‌ప్లోరరే పోతుంది, టాస్క్‌బార్, డెస్క్‌టాప్ గీసేది కూడా అదే కాబట్టి అవీ పోతాయి.

టూల్ ఓపెన్ చేస్తే పెద్ద లిస్ట్ వస్తుంది, కంగారు పడొద్దు. టైప్ కాలమ్ మీద నొక్కి సార్ట్ చేసి కాంటెక్స్ట్ మెనూ (రైట్ క్లిక్ మెనూ అన్నమాట) అన్నవాటి దగ్గరికి వెళ్లండి. మైక్రోసాఫ్ట్‌వి కానివి గులాబీ రంగులో కనిపిస్తాయి, నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే, ఎందుకంటే మనం ముట్టుకోవాల్సినవి అవే. ఆ గులాబీవన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్7 కొడితే డిసేబుల్ అవుతాయి, ఎక్స్‌ప్లోరర్‌ని రీస్టార్ట్ చేసి రైట్ క్లిక్ చేయండి. మెనూ టక్కున వచ్చిందా, దొంగ ఆ గుంపులోనే ఉన్నాడు. సగం ఎఫ్8తో ఎనేబుల్ చేసి చూడటం, మళ్లీ అందులో సగం, అలా కుదించుకుంటూ పోతే తొందరగానే దొరుకుతాడు. సమస్య ఈ మధ్యే మొదలైతే ఇంకా సులువు, తేదీల కాలమ్‌తో సార్ట్ చేసి కొత్తగా చేరినవాటితో మొదలుపెట్టండి.

నా విషయంలో దొరికింది ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తాలూకు ఎక్స్‌టెన్షన్, పేరు అనవసరం. వైఫై ఆపేస్తే మెనూ వెంటనే వచ్చేది, అంటే రైట్ క్లిక్ కొట్టినప్పుడల్లా నెట్‌లోకి వెళ్లి ఏదో అడుగుతోందన్నమాట, నెట్ కోసం మెనూని ఆపి కూర్చోబెట్టడం చాలా తప్పు పద్ధతి అని నా అభిప్రాయం. అది డిసేబుల్ చేశాక మళ్లీ హ్యాంగ్ రాలేదు, బ్యాకప్ కూడా మామూలుగానే నడుస్తోంది.

ఇదే లిస్ట్‌లో ఐకాన్ ఓవర్‌లే (ఐకాన్ మీద వేసే చిన్న గుర్తు) అన్న టైప్ కూడా చూడండి. క్లౌడ్ ఫోల్డర్ల మీద ఆకుపచ్చ టిక్ మార్కులు కనబడట్లేదని చాలామంది అడుగుతుంటారు కదా, విండోస్ ఈ ఓవర్‌లేలు మొత్తం 15 మాత్రమే తీసుకుంటుంది, అందులో కొన్ని తనే వాడుకుంటుంది, మిగతావి పేరు వరుసలో ముందున్నవాళ్లకే. అందుకే కొన్ని కంపెనీలు రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులన్నీ దాచుకునే చోటు) తమ పేరు ముందు స్పేస్‌లు పెట్టి మరీ ముందుకి తోసుకొస్తాయి. వాడనివి తీసేస్తే కావాల్సినవాటికి చోటు దొరుకుతుంది.

లోపాలు లేవని కాదు. మీ విండోస్ 64 బిట్ అయితే టూల్ కూడా 64 బిట్‌దే దింపుకోవాలి, లేకపోతే అసలైనవి కనిపించవు. రిజిస్ట్రీలో మామూలుగా రాసి పెట్టిన మెనూ ఐటమ్స్ ఇందులో రావు, వాటికి వీళ్లదే షెల్‌మెనూవ్యూ అని ఇంకోటి ఉంది, రెండూ కలిపి ఒక్కటే చేసుంటే ఎంత బాగుండేదో. మైక్రోసాఫ్ట్‌వి డిసేబుల్ చేయబోతే గట్టిగా ఆపే ఏర్పాటు ఉండాల్సింది, కొత్తవాళ్లు తెల్ల వరుసల జోలికి వెళ్లొద్దు. విండోస్ 11 వాళ్లు పైకి వచ్చే పొట్టి మెనూ చూసి తేల్చేయకండి, షిఫ్ట్, ఎఫ్10 కలిపి కొట్టి పాత మెనూ తెచ్చుకుని అక్కడ టెస్ట్ చేయండి.

హ్యాంగ్ కాకుండా పూర్తిగా క్రాష్ అవుతుంటే దీనికంటే ముందు విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్‌లో (జరిగిన ఎర్రర్‌లు రాసి ఉండే చోటు) అప్లికేషన్ లాగ్ చూడండి, ఫాల్టింగ్ మాడ్యూల్, అంటే తప్పు జరిగిన ఫైల్, అని డీఎల్ఎల్ పేరు ఉంటుంది, ఒక్కోసారి దొంగ పేరు అక్కడే రాసి ఉంటుంది. ఫోల్డర్లు తెరుచుకోవడం లేటయ్యేవాళ్లకి మాత్రం ఈ టూల్ కంటే ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిస్టరీ క్లియర్ చేయడం, క్విక్ యాక్సెస్‌లో పనిచేయని నెట్‌వర్క్ ఫోల్డర్లుంటే పిన్ తీసేయడం ఎక్కువ ఉపయోగం.

దొంగ దొరికాక ఆ సాఫ్ట్‌వేర్‌ని వెంటనే తీసేయక్కర్లేదు, కొత్త వెర్షన్ ఉందేమో చూసి అప్‌డేట్ చేసి ఎఫ్8 కొట్టి చూడండి, మళ్లీ ఆగితే ఎఫ్7 ఎలాగూ ఉంది.