గ్రోపార్ట్ రివ్యూ: కార్డులో మిగిలిపోయిన జాగాను రూట్‌లో కలిపే చిన్న టూల్

16 జీబీ మెమరీ కార్డును ఇమేజ్ (మొత్తం కార్డు నకలు) తీసి 32 జీబీ కార్డులోకి రాస్తే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు బాగానే బూట్ అవుతుంది. ఎంత చోటుందో చూపే డీఎఫ్ -హెచ్ కమాండ్ కొడితే మాత్రం రూట్ (సిస్టమ్, ఫైళ్లు ఉండే ప్రధాన పార్టిషన్) పాత సైజులోనే కనిపిస్తుంది. ఇమేజ్‌తో పాటు కార్డు ఎక్కడెక్కడ ఏ భాగాలుగా విడిపోయిందో చెప్పే పాత పార్టిషన్ టేబుల్ కూడా ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది మరి. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌ను కొత్తగా రాసుకున్నవాళ్లకు ఈ గొడవ లేదు, మొదటి బూట్‌లోనే అది తనంతట తానే పెరుగుతుంది.

ఈ పనికి మా ఓటు గ్రోపార్ట్‌కే. డెబియన్, ఉబుంటుల్లో క్లౌడ్-గెస్ట్-యుటిల్స్ ప్యాకేజీలో దొరుకుతుంది. పేరులో క్లౌడ్ ఉన్నా చిన్న బోర్డుల మీదా అంతే చక్కగా పనిచేస్తుంది. డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేతో కార్డు పేరు చూసుకుని ఇంగ్లిష్ అక్షరాల్లో ఇలా కొట్టాలి:

సుడో గ్రోపార్ట్ /డెవ్/ఎంఎంసీబీఎల్‌కే0 2

సుడో రీసైజ్2ఎఫ్ఎస్ /డెవ్/ఎంఎంసీబీఎల్‌కే0పీ2

మొదటి లైన్లో 2కు ముందు ఖాళీ ఉండాలి, రెండో దాంట్లో పీ2 అని కలిపే రాయాలి. ఎక్కువ ఎర్రర్లు ఇక్కడే. మొదటిది పార్టిషన్‌ను సాగదీస్తుంది, రెండోది లోపలి ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ను. రెండోది మరిచిపోతే డీఎఫ్‌లో అంకె కదలదు. ఈఎక్స్‌టీ4 మౌంట్ అయి ఉండగానే పెరుగుతుంది కాబట్టి రీబూట్ అక్కర్లేదు. భయంగా ఉంటే ముందు గ్రోపార్ట్‌ను -ఎన్ (క్యాపిటల్ అక్షరం) పెట్టి నడపండి, ఏం మారుస్తుందో చూపించి ఊరుకుంటుంది.

లోపాలూ ఉన్నాయి. రూట్ పూర్తిగా నిండిపోయాకే చాలామందికి ఈ టూల్ గుర్తొస్తుంది. /టీఎంపీ కూడా రూట్‌లోనే ఉంటే, అప్పుడు అందులో తాత్కాలిక ఫోల్డర్ చేసుకోవడానికి చోటు లేక అది ఆగిపోతుంది. అలాంటప్పుడు /టీఎంపీ మీద 10 ఎంబీ టీఎంపీఎఫ్ఎస్ (ర్యామ్‌లో ఉండే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) మౌంట్ చేసి మళ్లీ నడిపితే సరి. టూల్‌ను ముందే ఇన్‌స్టాల్ చేసి పెట్టుకోకపోతే మాత్రం ప్యాకేజీకీ చోటుండదు, ఏవైనా ఫైళ్లు తీసేయక తప్పదు. నోచేంజ్ అని వస్తే, రూట్ వెనకే స్వాప్ లాంటి ఇంకో పార్టిషన్ అడ్డుగా ఉందేమో చూడండి. దాన్ని జరపడం గ్రోపార్ట్ వల్ల కాదు. కార్డు తీసి వేరే కంప్యూటర్‌కు పెట్టి జీపార్టెడ్ అనే పార్టిషన్ ఎడిటర్‌తో జరపాలి.

రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ సెట్టింగుల టూల్ రాస్పీ-కాన్ఫిగ్‌లోని ఎక్స్‌పాండ్ ఫైల్‌సిస్టమ్ కొత్తవాళ్లకు తేలిక. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉంటుంది, విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఒక రీబూట్ చాలు. రూట్ చివరి పార్టిషన్ కాకపోతే అది కూడా చేతులెత్తేస్తుంది.

పార్టిషన్లను చేత్తో మార్చే ఎఫ్‌డిస్క్‌తో రెండో పార్టిషన్‌ను (అంటే రూట్‌ను) డిలీట్ చేసి మళ్లీ సృష్టించే పాత పద్ధతిని కొత్తవాళ్లకు అస్సలు సిఫార్సు చేయం. బూట్ పార్టిషన్ 8192 సెక్టార్ దగ్గర మొదలైతే దాని ముందు కొంత ఖాళీ ఉంటుంది. కొత్త పార్టిషన్‌కు ఎఫ్‌డిస్క్ చూపించే డిఫాల్ట్ అక్కడి 2048. ఎంటర్ కొట్టుకుంటూ పోతే 3 ఎంబీ పార్టిషన్ తయారవుతుంది, తర్వాతి బూట్‌కు రూట్ దొరకదు. పాత మొదటి సెక్టార్‌ను ముందే రాసిపెట్టుకుని అదే ఇవ్వాలి. పాత ఫైల్‌సిస్టమ్ గుర్తు అయిన సిగ్నేచర్ తీసేయాలా అని అడిగితే వద్దనే చెప్పాలి. ఇంత జాగ్రత్త పడేకంటే గ్రోపార్ట్ ఒక్క లైన్ నయం కదా.

పని పూర్తయ్యాక 32 జీబీ కార్డు 29 చిల్లరే చూపిస్తే కంగారు పడకండి. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, లైనక్స్ 1024తో. నకిలీ కార్డుల సంగతి వేరు. కార్డు తన సైజు ఎంతని చెబితే గ్రోపార్ట్ అంతా నమ్మేస్తుంది, అసలు చోటు దాటగానే ఫైళ్లు చెడిపోతాయి. అందుకే ఇమేజ్ రాయకముందే ఎఫ్3రైట్, ఎఫ్3రీడ్ అనే పరీక్ష టూల్స్‌తో కార్డును నింపి చూసుకోండి.