క్విల్ట్ బ్లాక్ చిన్నది చేయాలంటే ఏది మేలు: లెక్కా, కాగితమా?

క్విల్ట్ అంటే గుడ్డ ముక్కలు జోడించి కుట్టే బొంత, అందులో ఒక్కో చదరపు నమూనా ఒక బ్లాక్. 12 అంగుళాల బ్లాక్‌ని 6 అంగుళాలకి తగ్గించడం ఎలా అని అడిగేవాళ్లలో చాలామంది ఆ సరికే కోత కొలతలన్నీ సగం చేసేసి ఉంటారు. సాటూత్ స్టార్ అనే నక్షత్రం బ్లాక్‌నే చూడండి. మూల ముక్క 3½, నడిమి చదరం 6½. సగం చేస్తే 1¾, 3¼. కుట్టు కోసం అంచున వదిలే గుడ్డ మాత్రం పావు అంగుళమే, అది సగం కాలేదుగా! కుట్టాక మిగిలేది 1¼, 2¾, 1¼, మొత్తం 5¼. ముప్పావు అంగుళం పోతే పోయింది, నక్షత్రం మొనలు కూడా కుదరవు. కాబట్టి సగం చేయాల్సింది కుట్టాక మిగిలే కొలతని. పావు అంగుళం ఆ తర్వాత చుట్టూ కలపాలి.

ఇక్కడిదాకా పేచీ లేదు. ఆ కొత్త కొలతతో లెక్కగట్టి రోటరీ కట్టర్‌తో (చక్రంలా తిరిగే కత్తితో) కోసుకోవాలా, నమూనాని చిన్నగా ప్రింట్ తీసి కాగితం మీదే కుట్టాలా (అదే, పేపర్ పీసింగ్) అన్నదగ్గరే అందరూ ఆగిపోతారు.

నన్నడిగితే దాన్ని తేల్చేది బ్లాక్ సైజు కాదు, గడి సైజు, అంటే బ్లాక్‌ని సమానంగా విడదీసే చిన్న చదరం కొలత. బ్లాక్‌లో అడ్డంగా ఎన్ని గడులున్నాయో చూసి, కావలసిన సైజుని ఆ అంకెతో భాగించండి. సాటూత్ స్టార్‌కి నాలుగు గడులు. 6 అంగుళాలకి గడి ఒకటిన్నర. స్కేలు మీద గీత ఉంది. మూల ముక్క 2, నడిమిది 3½, అంతే. ఒహాయో స్టార్‌కి మూడు; 6 అంగుళాలకి గడి 2, హాయి. అదే 4 అంగుళాలకి అంటే 1⅓, ఆ గీత మన స్కేలు మీద ఉండదు. బేర్స్ పా మరీ మొండిది, ఏడు గడులు. 6 అంగుళాలే కావాలని పట్టుబడితే గడి అంగుళంలో ఏడింట ఆరు వంతులు! 7కి ఒప్పుకుంటే సరిగ్గా ఒక అంగుళం, 5¼కి ఒప్పుకుంటే ముప్పావు. అందుకే నేను ముందు గడి ఎంచుకుంటాను, బ్లాక్ సైజు దాన్నిబట్టి ఎంతొస్తే అంత. ఆ కాస్త తేడాని బోర్డరో, బ్లాకుల మధ్య పట్టీలో సర్దేస్తాయి.

జంట త్రిభుజాలకి (రెండు త్రిభుజాలు కలిసి ఒక గడి అయ్యేవి) గడి కొలతకి ⅞ కలిపే లెక్క చిన్న సైజుల్లో నేను వాడను. పూర్తి అంగుళం కలుపుతాను. అంగుళం గడికి 2 అంగుళాల చదరాలు కోసి, కుట్టి, మూలగా కోసి తెరిచాక 1½కి అంచులు సరిచేయడం. బేర్స్ పాలో అలాంటివి 16. విసుగే, కానీ మొనలు తెగవు.

కాగితానికి ఏ గడైనా ఒకటే, గీత మీద కుట్టుకుపోవడమే. కానీ 50 శాతానికి ప్రింట్ తీస్తే నమూనా అంచున ఉన్న పావు అంగుళమూ ⅛ అయిపోతుంది. దాన్ని కొట్టేసి కొత్తగా గీసుకోవాలి. ప్రింటర్‌లో ‘ఫిట్ టు పేజ్’ ఆపడం మరిచిపోతే కొలతంతా తప్పుతుంది. కాగితం తేలిగ్గా చిరగాలని కుట్టు పొడవు 1.5 మి.మీ. దాకా తగ్గిస్తాం; అలాంటి కుట్టు విప్పాల్సి వస్తే ప్రాణం విసిగిపోతుంది. గుడ్డా ఎక్కువే పోతుంది. పైగా సాటూత్, ఒహాయో స్టార్‌లు ఒకే కాగితం మీద కుదరవు, భాగాలుగా కుట్టి జోడించాల్సిందే.

అయినా రెండు చోట్ల నేనూ కాగితమే తీస్తాను. ఒకటి, పాత నూలు చీరలతో కుట్టేటప్పుడు. ఉతికి ఉతికి మెత్తబడ్డ ఆ గుడ్డ క్రాస్‌లో సాగిపోతుంది, కాగితం దాన్ని కదలనివ్వదు. రెండు, గడి అర అంగుళానికి దిగినప్పుడు. అంత చిన్న ముక్క వెనక రెండు పక్కలా పావు పావు కుట్టు గుడ్డే నిండిపోతుంది. కుట్టాక దాన్ని ⅛కి కత్తిరించక తప్పదు.

జిరాక్స్‌లో తగ్గించి అట్ట ముక్కలు చేసుకోవడం చేత్తో కుట్టేవాళ్లకి ఫర్వాలేదు. ఈక్యూ8 లాంటి క్విల్ట్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏ సైజుకైనా కోత కొలతలు ఇస్తుంది, ఒకటి రెండు బ్లాకుల కోసం కొనేది కాదు.

ఏ దారిన వెళ్లినా ముందు ఒక్క బ్లాక్ కుట్టి కొలవండి. ప్రతి కుట్టూ అంగుళంలో 32వ వంతు లోపలికి పడితే, రెండు పక్కల ముక్కల్లోనూ అంత తగ్గుతుంది కాబట్టి బేర్స్ పా వరసలో ఉన్న ఆరు కుట్లకి ⅜ అంగుళం పోతుంది. 14 అంగుళాల బ్లాక్‌లోనూ అంతే, 7 అంగుళాల దాంట్లోనూ అంతే. పెద్దదాంట్లో లాగి సర్దేయొచ్చు, చిన్నదాంట్లో కుదరదు.